మళ్లీ వెండితెరపై ‘మాయాబజార్’: చలనచిత్ర వారసత్వాన్ని కాపాడుకోవలసిన తరుణం

(ప్రత్యేక వ్యాసం)

ప్రఖ్యాత నటుడు అక్కినేని నాగేశ్వరరావు శతజయంతిని పురస్కరించుకొని 2024 సెప్టెంబరు 20 నుంచి 22 వరకు ఆయన నటించిన 10 చిత్రాలను దేశంలోని పలు నగరాల్లోని థియేటర్లలో ప్రదర్శించారు. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ తదితర సంస్థల సహకారంతో జరిగిన ఈ ప్రదర్శనల్లో ‘దేవదాసు’ (1953), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) వంటి అపురూప చిత్రాలు చోటు చేసుకున్నాయి. అదే సంవత్సరం నవంబరులో గోవాలో జరిగిన భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో పునరుద్ధరించిన ‘దేవదాసు’ ప్రతిని ప్రేక్షకులు తిలకించారు.

ఇటువంటి ప్రదర్శనలకు పాత తరం వారితో పాటు, ఆ చిత్రాలను టెలివిజన్‌లోనో, సెల్‌ఫోన్‌లోనో తప్ప చూడని యువతరం కూడా హాజరవుతుంది. చిత్రం ముగిసిన తరువాత నటీనటుల ప్రతిభ, పాటల మాధుర్యం, మాటల చమత్కారం గురించి చర్చ సాగడం సహజం. అయితే దాదాపు ఏడు దశాబ్దాల కిందటి చిత్రం నేటికీ తెరపై కనిపిస్తున్నదంటే, దాని నెగెటివ్‌నో, ఒక మంచి ప్రింటునో ఎవరో ఒకరు జాగ్రత్తగా భద్రపరిచారన్న విషయం మాత్రం అంతగా చర్చకు రాదు. ఆ జాగ్రత్త కొరవడిన కారణంగా తెలుగు సినిమా తన తొలి మూకీని, తొలి పూర్తి నిడివి టాకీని శాశ్వతంగా కోల్పోయింది.

వెండితెరపై చూడవలసిన చిత్రం

విజయా సంస్థ పతాకంపై నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించగా, కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. పింగళి నాగేంద్రరావు మాటలు, పాటలు రచించారు. సంగీతానికి సాలూరు రాజేశ్వరరావు కొన్ని బాణీలు సమకూర్చగా, మిగిలిన బాధ్యతను ఘంటసాల నిర్వర్తించారు. శ్రీకృష్ణునిగా ఎన్.టి. రామారావు, అభిమన్యునిగా అక్కినేని నాగేశ్వరరావు, శశిరేఖగా సావిత్రి, ఘటోత్కచునిగా ఎస్.వి. రంగారావు నటించారు. పాండవుల కుటుంబానికి సంబంధించిన కథే అయినప్పటికీ పాండవులు ఒక్క దృశ్యంలోనూ కనిపించకపోవడం ఈ చిత్ర కథనంలోని విశేషం. తెలుగుతో పాటు తమిళంలోనూ ఈ చిత్రాన్ని రూపొందించారు.

ఈ కథకు చిత్రరూపం లభించడం అదే మొదటిసారి కాదు. నాటక సమాజాలు ‘శశిరేఖా పరిణయం’గా ఊరూరా ప్రదర్శించిన ఈ ఇతివృత్తం 1936లోనే తెలుగు టాకీగా వచ్చింది. అందరికీ తెలిసిన కథను తిరిగి చెప్పి మెప్పించడానికి కె.వి. రెడ్డి బృందం ఛాయాగ్రహణాన్ని, కళా దర్శకత్వాన్ని, పింగళి వారి మాటలను ఆలంబనగా చేసుకున్నది. పింగళి ప్రయోగించిన ‘అసమదీయులు’, ‘తసమదీయులు’, ‘వీరతాడు’ వంటి పదాలు నేటికీ పత్రికల శీర్షికల్లోనూ, రాజకీయ ప్రసంగాల్లోనూ వినిపిస్తుండడం పాత్రికేయులకు విదితమే.

ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ పనితనాన్ని పూర్తిగా ఆస్వాదించాలంటే ఈ చిత్రాన్ని పెద్ద తెరపైనే చూడాలి. కంప్యూటర్ సాంకేతికత లేని ఆ రోజుల్లో కెమెరాను ఆపి ఆపి చిత్రించడం, ఒకే ఫిలింపై రెండుమార్లు చిత్రించడం, చిన్న నమూనాలను నిజమైన కట్టడాలుగా భ్రమింపజేయడం వంటి పద్ధతులతోనే మాయలన్నీ సాధించారు. ద్వారకా నగరం దూరం నుంచి కనిపించే దృశ్యానికి నమూనా ఇళ్లను పేర్చి నగరాన్ని నిర్మించారు. ఘటోత్కచుడు వివాహ విందును ఆరగించే ఘట్టంలో పళ్లేలు వాటంతట అవే కదలడం, భక్ష్యాలు నోటిలోకి ఎగిరి రావడం ఇదే కోవకు చెందిన చిత్రణలు. నౌకా విహారపు పాటలో కనిపించే వెన్నెల, దీపకాంతిని, కెమెరాను అదుపులో ఉంచుకొని బార్‌ట్లీ సృష్టించిన వెన్నెల. నలుపు తెలుపుల మధ్యనున్న అనేక ఛాయల పైనే ఆ దృశ్యపు అందం ఆధారపడి ఉంది. నాసిరకం ప్రతిలో ఆ ఛాయలు చెరిగిపోయి నీరు, ఆకాశం ఒకే నల్లని మరకగా మారుతాయి. అరిగిన ప్రింటు నుంచి తీసిన వీడియోలో చూసినవారికి ‘మాయాబజార్’ కథ తెలుస్తుందే గాని, బార్‌ట్లీ చిత్రించిన వెన్నెల కనిపించదు.

ఆనాటి ప్రదర్శన విధానం

అలనాటి చిత్రాలు ప్రేక్షకులకు చేరిన తీరును తెలుసుకుంటే అవి ఎందుకు శిథిలమయ్యాయో బోధపడుతుంది. 35 మిల్లీమీటర్ల ఫిలింపై సెకనుకు 24 ఫ్రేముల చొప్పున సాగే చిత్రంలో 1,000 అడుగుల రీలు దాదాపు 11 నిమిషాల పాటు నడుస్తుంది. మూడు గంటల చిత్రానికి 16 రీళ్లకు పైగా అవసరమవుతాయి. రేకు డబ్బాల్లో అమర్చిన ఈ రీళ్లనే సినీ వ్యాపార పరిభాషలో ‘బాక్సు’ అని వ్యవహరించేవారు. బాక్సు రైలులోనో, బస్సులోనో వస్తేనే ఊరిలో ఆట మొదలయ్యేది.

పట్టణాల్లోని శాశ్వత థియేటర్లలో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. ఒకదానిలోని రీలు ముగిసే క్షణంలో రెండవ దానిని నడిపే నేర్పు ఆపరేటర్‌కు ఉండాలి. డేరాలు వేసుకొని ఊరూరా తిరిగే టూరింగ్ టాకీసుల్లో ఒకే యంత్రం ఉంటే, రీలు మార్చిన ప్రతిసారీ ప్రేక్షకులు వేచి ఉండేవారు. కార్బన్ కడ్డీల మధ్య ప్రజ్వరిల్లే కాంతి తీవ్రమైన వేడిని వెలువరించేది. దానికి తోడు నిర్మాతల వద్ద పరిమితంగానే ప్రింట్లు ఉన్న రోజుల్లో ఒకే ప్రింటును సమీపంలోని రెండు థియేటర్లు పంచుకునేవి. ఒకచోట ఆడిన రీళ్లను మరొక చోటికి సైకిలుపై చేరవేసేవారు. ప్రతి ఆటతోనూ ఫిలింపై గీతలు పడేవి. తెగిన చోట కొన్ని ఫ్రేములు కత్తిరించి అతికించేవారు. పెద్ద పట్టణం నుంచి చిన్న పట్టణానికి, అక్కడి నుంచి గ్రామంలోని డేరాకు చేరేసరికి ప్రింటు ఎంతో కొంత కురచ అయ్యేది. ప్రజాదరణ ఎక్కువగా పొందిన చిత్రాల ప్రింట్లే ఎక్కువగా అరిగిపోవడానికి ఇదే కారణం.

మిగిలినవి, మిగలనివి

మచిలీపట్నంలో జన్మించిన రఘుపతి వెంకయ్య మద్రాసులో చిత్ర ప్రదర్శనకు, చిత్ర నిర్మాణానికి బాటలు వేశారు. ఆయన కుమారుడు ఆర్. ప్రకాష్ దర్శకత్వంలో 1921లో రూపొందిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ తెలుగువారు నిర్మించిన తొలి మూకీ చిత్రంగా ప్రసిద్ధి పొందింది. వెంకయ్య పేరిట రాష్ట్ర ప్రభుత్వం 1980లో ప్రతిష్ఠాత్మక పురస్కారాన్ని నెలకొల్పింది. ఆ మహనీయుని పేరు పురస్కార రూపంలో నిలిచింది గాని, ‘భీష్మ ప్రతిజ్ఞ’ మాత్రం నేడు చూడడానికి లభ్యం కాదు. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో, సురభి వారి నాటకం ఆధారంగా బొంబాయిలో నిర్మితమైన తొలి పూర్తి నిడివి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’దీ అదే పరిస్థితి. దేశంలో వెయ్యికి పైగా మూకీలు నిర్మితం కాగా, వాటిలో మిగిలినవి కొద్ది పదులకు మించవు.

ఏలూరు సమీపంలోని సోమవరప్పాడుకు చెందిన ఎల్.వి. ప్రసాద్ సినీ జీవితం ఈ నష్టానికి ఒక సాక్ష్యం. తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’ (1931), తెలుగు, తమిళ సంభాషణలతో వచ్చిన ‘కాళిదాస్’ (1931), తెలుగు ‘భక్త ప్రహ్లాద’ (1932) ఈ మూడింటిలోనూ ఆయన నటించారు. వాటిలో ఏ ఒక్కదాని పూర్తి ప్రతీ నేడు లభ్యం కాదు. అనంతర కాలంలో దర్శకునిగా, నిర్మాతగా ఎదిగిన ఆయన ‘మిస్సమ్మ’ వంటి చిత్రాలను అందించారు. 1976లో మద్రాసులో ఆయన స్థాపించిన ఫిలిం ల్యాబ్ కాలక్రమంలో పాత చిత్రాల డిజిటల్ పునరుద్ధరణ రంగంలోకీ ప్రవేశించింది. తొలి టాకీలలో నటించిన వ్యక్తి నెలకొల్పిన సంస్థకు సైతం ఆ తొలి టాకీలను పునరుద్ధరించే అవకాశం లేదు. పునరుద్ధరణకు ఏదో ఒక మూలప్రతి ఉండి తీరాలి.

మరోవైపు, అదృష్టవశాత్తు నిలిచిన పాత చిత్రాలూ ఉన్నాయి. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో చలం కథతో అస్పృశ్యతను ప్రశ్నించిన ‘మాలపిల్ల’ (1938), జమీందారీ దోపిడీని ఎండగట్టి నాటి పాలకుల నిషేధానికి గురైన ‘రైతుబిడ్డ’ (1939) అటువంటివే. పాఠ్యపుస్తకాలు వివరించలేని నాటి భాష, వేషధారణ, గ్రామీణ జీవనం, సంస్కరణోద్యమ స్ఫూర్తి ఈ చిత్రాల్లో కళ్లకు కడతాయి. ఇవి కూడా లభించకపోయి ఉంటే, ఆ కాలపు తెలుగు సమాజానికి చెందిన విలువైన దృశ్య సాక్ష్యం మనకు దక్కేది కాదు.

ఫిలిం ఎందుకు నశిస్తుంది?

సినిమా పుట్టినప్పటి నుంచి 1950వ దశకం తొలినాళ్ల వరకు సెల్యులోజ్ నైట్రేట్ ఫిలింను విస్తృతంగా వాడారు. చిత్రాన్ని స్పష్టంగా చూపే గుణం దీనికి ఉన్నా, ఇది త్వరగా అంటుకొనే పదార్థం. మండేందుకు అవసరమైన ప్రాణవాయువు దానిలోనే ఉండడం వల్ల ఒకసారి అంటుకుంటే నీటితోనూ ఆరదు. అగ్ని తాకకపోయినా కాలక్రమంలో జిగురుగా మారి, చివరకు పొడిగా రాలిపోతుంది. 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ ఫిలిం నిల్వచేసిన చోట సంభవించిన అగ్నిప్రమాదంలో వందలాది పాత చిత్రాలకు చెందిన రీళ్లు దగ్ధమయ్యాయి.

తరువాత వచ్చిన ఎసిటేట్ ఫిలిం అంత సులువుగా అంటుకోదు. అందువల్ల దానిని సురక్షిత ఫిలిం అని వ్యవహరించారు. అయితే వేడి, తేమ అధికంగా ఉన్నచోట ఇది కూడా క్రమేణా విచ్ఛిన్నమై ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వంటి ఘాటైన వాసన వస్తే ఫిలిం చెడిపోవడం ఆరంభమైనట్లే. ఈ దశలో ఫిలిం ముడుచుకొని వంకర తిరుగుతుంది. అదే డబ్బాలో, అదే గదిలో ఉన్న ఇతర రీళ్లకూ ఈ చెడు సోకుతుంది. కోస్తా ప్రాంతపు ఉక్కపోతలో, రేకుల కప్పు కింద ఉన్న గోదాములో ఈ ప్రక్రియ మరింత వేగవంతమవుతుంది.

ప్రకృతి చేసిన నష్టానికి మానవ తప్పిదాలూ తోడయ్యాయి. ప్రదర్శన ముగిసిన ప్రింటుకు వ్యాపార విలువ ఉండేది కాదు. నలుపు తెలుపు ఫిలింలోని వెండిని రాబట్టుకునేందుకు పాత ప్రింట్లను తూకానికి అమ్మివేసిన సందర్భాలు అనేకం. మూతపడిన నిర్మాణ సంస్థల నెగెటివ్‌లు ల్యాబ్‌లలోనే ఉండిపోయాయి. చిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన క్రమంలో నెగెటివ్ ఒకచోట, నిర్మాత వారసులు మరొకచోట ఉన్న పరిస్థితి ఏర్పడింది. పుస్తకాల ప్రతులను నిర్దేశిత గ్రంథాలయాలకు విధిగా అందజేయాలని 1954 నాటి చట్టం ప్రచురణకర్తలను ఆదేశించింది. ఆనాటి చలనచిత్రాలకు అటువంటి ఏర్పాటు లేకపోవడం తీరని లోటైంది.

పునరుద్ధరణ, రంగులద్దడం

పుణెలో 1964లో ఏర్పాటైన జాతీయ చలనచిత్ర భాండాగారం దేశంలో ఈ లోటును భర్తీ చేసేందుకు జరిగిన తొలి వ్యవస్థీకృత ప్రయత్నం. భాండాగారం నిర్మాణంలో కీలక పాత్ర పోషించిన పి.కె. నాయర్ అనేక పాత చిత్రాలను వెతికి సేకరించారు. 2022 మార్చిలో ఈ సంస్థ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైంది. జాతీయ చలనచిత్ర వారసత్వ మిషన్ కింద దాదాపు 2,200 చిత్రాల పునరుద్ధరణకు 363 కోట్ల రూపాయలు కేటాయించినట్లు కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2022 మే నెలలో ప్రకటించింది.

పునరుద్ధరణ అన్నది ఓపికతో కూడిన పని. ముందుగా లభ్యమైన నెగెటివ్‌లను, ప్రింట్లను పోల్చి, వాటిలో మెరుగైన దానిని ఎంపిక చేస్తారు. ఒక ప్రతిలో లోపించిన భాగాన్ని మరొక ప్రతి నుంచి తీసుకుంటారు. చిరిగిన రంధ్రాలను, అతుకులను చేతితో సరిచేసి, శుభ్రపరిచిన తరువాత ఒక్కొక్క ఫ్రేమును స్కాన్ చేస్తారు. మూడు గంటల చిత్రంలో రెండున్నర లక్షలకు పైగా ఫ్రేములు ఉంటాయి. వాటిపై గీతలు, మరకలు, అదురు తొలగించి, ధ్వనిని శుద్ధి చేస్తారు. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు నాడు తెరపై చూపదలచిన రూపాన్ని తిరిగి తీసుకురావడమే దీని లక్ష్యం.

రంగులద్దడం ఇందుకు భిన్నమైనది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ ‘మాయాబజార్’కు రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేయగా ప్రేక్షకులు విశేషంగా ఆదరించారు. కొత్త తరం ఈ చిత్రాన్ని థియేటర్‌కు వెళ్లి చూడడానికి అది దోహదం చేసింది. అదే సమయంలో, ప్రతి నాణ్యతను దృష్టిలో ఉంచుకొని రెండు పాటలను ఆ రంగుల ప్రతిలో చేర్చలేదు. అందువల్ల రంగుల ప్రతి ఎంత జనాదరణ పొందినప్పటికీ, బార్‌ట్లీ నలుపు తెలుపుల్లో చిత్రించిన పూర్తి నిడివి మూలానికి అది ప్రత్యామ్నాయం కాజాలదు. మూలాన్ని భద్రపరచడం ముందు జరగాలి. దానిపై ఎన్ని కొత్త రూపాలనైనా తరువాత తీసుకురావచ్చు.

డిజిటల్ ప్రతి చేతికి రాగానే పని పూర్తయిందని భావించడం కూడా సరికాదు. హార్డ్ డిస్కులు పాడవుతాయి. ఫైళ్ల రూపాలు, వాటిని చదివే యంత్రాలు మారిపోతాయి. ఎప్పటికప్పుడు కొత్త మాధ్యమంలోకి మార్చుతూ ఉండాలి. చల్లని, పొడి వాతావరణంలో భద్రపరిచిన ఫిలిం దశాబ్దాల పాటు నిలుస్తుంది. కాబట్టి స్కాన్ చేసిన తరువాత ఫిలింను పారవేయరాదన్నది నిపుణుల ఏకాభిప్రాయం.

పాత కాగితాలు చెప్పే చరిత్ర

చిత్రం నశించినప్పుడు దాని చరిత్రకు మిగిలే ఆధారం కాగితమే. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం భావించారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత రికార్డులను పరిశీలించి, ఆ చిత్రానికి 1932 జనవరి 22న సెన్సార్ అనుమతి లభించిందని, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని నిర్ధారించారు. ఒక పాత్రికేయుని పరిశోధన తెలుగు టాకీ పుట్టినరోజునే సవరించింది.

ఇటువంటి ఆధారాలు జిల్లాల్లో ఇంకా చెల్లాచెదురుగా ఉన్నాయి. థియేటర్ల వద్ద విక్రయించిన పాటల పుస్తకాలు, ఊరేగింపుగా వెళ్లి పంచిన కరపత్రాలు, గోడపత్రికలు, స్టిల్ ఫోటోలు, డిస్ట్రిబ్యూటర్ల లెక్కల పుస్తకాలు, పాత వారపత్రికల సంపుటాలు వాటిలో ముఖ్యమైనవి. 1955 నాటి సినిమాల క్రమబద్ధీకరణ చట్టం కింద థియేటర్లకు, టూరింగ్ టాకీసులకు లైసెన్సులు జారీ చేసిన ప్రక్రియకు సంబంధించిన ఫైళ్లలో ఏ ఊరిలో ఏ సంవత్సరం డేరా వెలసిందో, ఎన్ని సీట్లు ఉండేవో వంటి వివరాలు ఉంటాయి. కాలం తీరిన ఫైళ్లుగా భావించి తొలగించే ముందు చారిత్రక విలువ దృష్ట్యా వీటిని పరిశీలించడం ఎంతైనా సముచితం.

చేయదగిన పనులు

మూతపడిన థియేటర్లను కూల్చివేసే సందర్భాల్లోనూ, పాత డిస్ట్రిబ్యూషన్ కార్యాలయాలను ఖాళీ చేసే సందర్భాల్లోనూ ఫిలిం డబ్బాలు బయటపడడం కద్దు. అవి తుప్పు పట్టి ఉన్నాయన్న కారణంతో పారవేయరాదు. 1950వ దశకానికి ముందటి ఫిలిం అయితే నైట్రేట్ కావచ్చు గనుక దానిని నిప్పుకు, ఎండకు దూరంగా ఉంచాలి. ఇంటిలోనో, కార్యాలయంలోనో నిల్వచేయక అగ్నిమాపక శాఖ సలహా పొందాలి. బలవంతంగా విప్పడానికి గాని, ప్రొజెక్టర్‌పై నడిపి చూడడానికి గాని ప్రయత్నించరాదు. డబ్బాపై ఉన్న చీటీని, రీలు సంఖ్యను ఫోటో తీసి జాతీయ భాండాగారం దృష్టికి తీసుకువెళ్లాలి. పూర్తి చిత్రం కాకపోయినా, ఒక్క రీలు సైతం విలువైనదే. వేరొక ప్రతిలో లోపించిన భాగం అందులో ఉండవచ్చు.

యాజమాన్యానికి సంబంధించిన సందేహాలు కూడా అనేక రీళ్లను చీకటి గదులకే పరిమితం చేస్తున్నాయి. చట్టప్రకారం చలనచిత్రంపై కాపీరైటు, విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ల పాటు ఉంటుంది. రచన, సంగీతం వంటి వాటిపై హక్కులు వేరుగా కొనసాగవచ్చు. అయితే హక్కుల అంశం వేరు, ఫిలింను భౌతికంగా కాపాడడం వేరు. హక్కుల వివాదం తేలేవరకు ఫిలిం చెడిపోకుండా ఆగదన్న సంగతిని వారసులకు తెలియజెప్పడంలో స్థానిక అధికారులు, పాత్రికేయులు తోడ్పడగలరు.

యునెస్కో పిలుపు మేరకు ఏటా అక్టోబరు 27ను ప్రపంచ దృశ్య శ్రవణ వారసత్వ దినంగా పాటిస్తున్నారు. ఆ సందర్భంగా ఒక పాత చిత్రాన్ని ప్రదర్శించి, దానితో పాటు ఆ ప్రాంతపు థియేటర్ల చరిత్రను, వృద్ధులైన ప్రొజెక్టర్ ఆపరేటర్ల అనుభవాలను నమోదు చేయగలిగితే అది సార్థకమైన కార్యక్రమం అవుతుంది. కార్బన్ కడ్డీల వెలుగులో రీళ్లు నడిపిన తరం క్రమంగా కనుమరుగవుతున్నది. వారు చెప్పగలిగిన వివరాలు ఏ పుస్తకంలోనూ నమోదు కాలేదు.

‘మాయాబజార్’ ప్రదర్శన ముగిసి థియేటర్‌లో దీపాలు వెలిగినప్పుడు ప్రేక్షకులు పొందే ఆనందం రాబోయే తరాలకూ దక్కాలి. ‘భీష్మ ప్రతిజ్ఞ’ విషయంలోనూ, ‘భక్త ప్రహ్లాద’ విషయంలోనూ ఆ అవకాశం చేజారిపోయింది. మిగిలిన చిత్రాల మూలప్రతులు ఎక్కడ ఉన్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో జిల్లాల వారీగా తెలుసుకొని నమోదు చేయడం తక్షణం చేపట్టదగిన తొలి చర్య.